‘సెట్టవుతుంది సార్’: సటీకా తాత్పర్యము

మూలము: “చేప యాక్టివ్‌గానే ఉంది సార్. పైకొచ్చి నోరు తెరుస్తోందంటే ఆకలి. కొత్త నీళ్లు కదా, సెట్టవుతుంది.”

అవతారిక: చెడ్డ వ్యాఖ్యల విషం సోకి కాళిదాసు వాక్కు మూర్ఛిల్లిందనీ, దాన్ని లేపడానికే తన సంజీవని వ్యాఖ్య అనీ మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి చెప్పుకున్నాడు. ఆయనకు మూర్ఛ, విషం రెండూ అలంకారాలు. మాకు ఆ భాగ్యం లేదు. మా రోగి ఒరాండా జాతి గోల్డ్‌ఫిష్. విషం అమ్మోనియా. దుర్వ్యాఖ్యాత అక్వేరియం దుకాణదారు. అతని పేరుతో పనిలేదు. ఈ సూత్రం ఏ ఊళ్లో, ఏ దుకాణంలో విన్నా అక్షరం మారదు గనుక అపౌరుషేయమనే ఒప్పుకోవాలి.

టీక: చేప, ఉంది, నీళ్లు – సులభములు. ‘సార్’ పాదపూరణము.

యాక్టివ్‌గానే: అమ్మోనియా తగిలితే మొప్పలు, చర్మం మండుతాయి. చేప ఉన్నట్టుండి దూసుకుపోతుంది, అడుగునున్న గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. దాన్ని చురుకుదనమనడం, బట్టలంటుకుని పరిగెత్తేవాణ్ణి చూసి వ్యాయామం మంచిదని మెచ్చుకోవడమే. చూడవలసింది వేగం కాదు, రెక్కలు. వీపు రెక్క నిటారుగా విచ్చుకుని ఉంటే ఫరవాలేదు. రెక్కలు ముడుచుకుని, ఓ మూల అడుగున కదలకుండా ఉంటే బాగాలేదు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి దుకాణంలో ఎవరికీ తీరిక లేదు గానీ, రంగురంగుల గులకరాళ్లు అంటగట్టడానికి ముగ్గురు వచ్చారు.

నోరు తెరుస్తోందంటే ఆకలి: తర్కశాస్త్రంలో దీన్ని సవ్యభిచార హేతువంటారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనవచ్చు. నోరు తెరిచిన చోటల్లా ఆకలి ఉండదు. ఊపిరాడకా తెరుస్తుంది. ఆకలిగొన్న చేప మనిషిని చూసి వస్తుంది, చేతి వెంట తిరుగుతుంది, మనం పక్కకు వెళ్లగానే పనిమాని కిందికి పోతుంది. ఊపిరాడని చేపకు మనతో పనిలేదు. మనం లేకపోయినా నీటి పైపొరకే మూతి ఆనించి ఉంటుంది, లేదా ఫిల్టరు నీళ్లు పడేచోటే వేలాడుతుంది. పైగా మన ఎండల్లో నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే వేడికి అమ్మోనియా విషం పెరుగుతుంది. ఈ సూత్రాన్ని నమ్మినవాడు ఏం చేస్తాడు? చిటికెడు మేత ఎక్కువ వేస్తాడు. తిన్నది మొప్పల్లోంచి అమ్మోనియాగా బయటికొస్తుంది, తినక మిగిలింది అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. చేప ఇంకా గట్టిగా నోరు తెరుస్తుంది. ‘చూశారా, ఎంత ఆకలో!’ అంటారు. ఎవరో అన్నారని కాదు, మా ఇంట్లోనే అన్నారు.

విశేషము: ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. గోల్డ్‌ఫిష్‌ను అసలు ఎటునుంచి చూడాలి? చైనాలో సోంగ్ రాజుల కాలంలో (960–1279) ఇవి కొలనుల్లో పెరిగాయి. మింగ్ కాలంలో పింగాణీ కుండీల్లోకి వచ్చాయి. 1596లో ఝాంగ్ చియెన్‌దె అనే పండితుడు సింధూర వర్ణపు చేపల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. (మా వ్యాఖ్యకు అదీ ఒక ప్రమాణం: చేప మీద పాండిత్యం వెచ్చించడం మాతో మొదలు కాలేదు.) కొలనుకీ కుండీకీ అద్దాల గోడలుండవు, పైనుంచే చూడాలి. అందుకే పైనుంచి అందంగా కనిపించేవాటినే తరతరాలుగా ఏరి పెంచారు: జంటగా విచ్చుకున్న తోక, ఆకాశంకేసి తిరిగిన కళ్లు, వీపు రెక్క లేని నున్నటి వెన్ను. జపాన్‌వారు రాంచు జాతిని నేటికీ లోతు తక్కువ తొట్టెల్లో వేసి పైనుంచే చూసి తీర్పు చెబుతారు. మనమేమో ఆ చేపను తెచ్చి గాజుపెట్టెలో పెట్టి, మూత వేసి, మూతకు లైటు బిగించి, పక్కనుంచి చూస్తాం. వైద్యానికి కూడా పైచూపే మేలు. కడుపు ఒకవైపే ఉబ్బిందా, పొలుసులు రేగి నిలబడ్డాయా అన్నది పైనుంచి ఇట్టే తెలుస్తుంది. పొలుసులు అలా లేచాయంటే లోపల నీరు చేరినట్టు, పరిస్థితి విషమమే. ఇంకొకటి. మొప్పల మూతల మీదా, ఈతరెక్కల ముందంచునా వరసగా తెల్లటి గింజలు లేస్తే అది మగచేప, జతకట్టే కాలం. అదే తెల్లచుక్కలు ఒళ్లంతా, తోకమీదా ఉప్పు చల్లినట్టుంటే తెల్లమచ్చ జబ్బు. ఈ తేడా తెలియక ఆరోగ్యవంతుడైన పెళ్లికొడుకుకు నీలం మందు పోసినవారున్నారు.

మూలం మరిచాం.

కొత్త నీళ్లు కదా: తప్పంతా నీళ్లమీదికి తోసే పదం ఇది. సగం నిజం కావడం వల్ల మరీ ప్రమాదం. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోనూ గులకరాళ్ల మీదా కాపురం పెట్టాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండు మెట్లూ చేపకు విషమే. కంటికి మాత్రం నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ ఆరు వారాలు ఖాళీ తొట్టిని నడపమని చెబితే ఆ రోజు చేప అమ్ముడుపోదు. కాబట్టి చెప్పరు. పైగా ‘వారానికోసారి మొత్తం తీసి స్పాంజి కుళాయి కింద కడిగేయండి’ అన్న ఉపదేశం కూడా ఉచితం. కుళాయి నీళ్లలో క్లోరిన్. చేరిన కాస్త బాక్టీరియా చచ్చిపోతుంది, మళ్లీ కొత్త నీళ్లే.

సెట్టవుతుంది: ఈ క్రియకు కర్త ఎవరు? చేపా, నీళ్లా, కొన్నవాడా? కవి బుద్ధిపూర్వకంగా దాచాడు. భవిష్యత్కాలం వాడాడు గానీ గడువు చెప్పలేదు.

పాఠాంతరము: నాలుగు రోజులకు మళ్లీ దుకాణానికి పోతే ఈ స్థానంలో ‘దిష్టి పోయింది సార్, మీ ఇంటికి రావాల్సింది అది తీసుకుంది’ అని కనిపిస్తుంది. అమ్మోనియాతో చచ్చిన చేపను త్యాగమూర్తిని చేసే ఈ పాఠం పండితులకూ బంధువులకూ సమ్మతమే. నీళ్లు పరీక్షించే చుక్కల మందు అడిగితే, ‘అవన్నీ ఎందుకు సార్’ అన్నది దీనికి అనుబంధం.

ప్రక్షిప్తము: ‘ఇంకో రెండు వేసుకోండి సార్, తోడుంటాయి.’ విషం విరగని తొట్టిలో మరో రెండు చేపలంటే విషం ఉత్పత్తి చేసేవి మరో రెండు. ఇంత అన్యాయమైన వాక్యం మూలంలో ఉండదనుకుని, తర్వాతెవరో చేర్చారని వదిలేయబోయాను. విచారిస్తే అన్ని ప్రతుల్లోనూ ఉంది. పైగా మా ప్రతిలో దానికింద బిల్లు కూడా ఉంది.