నాలుగో మెట్టు

అద్దాల పెట్టెకి అతికించిన చీటీలో నా గురించి మూడే మాటలున్నాయి: వీణ, పనస కర్ర, బొబ్బిలి. అబద్ధం లేదుగానీ, బొబ్బిలి అన్నది పెద్దూరి పేరు మోయడమే. నేను పుట్టింది పక్కనున్న గొల్లపల్లిలో, వీణలు చేసే సర్వసిద్ధుల వాకిట్లో. ఆరిన పనస దుంగను ఉలితో తొలిచి, కుండా దండీ ఒకే కర్రలో తీశాడు మా వడ్రంగి. అలాంటిదాన్నే ఏకాండి వీణ అంటారు. అతుకు లేదు గనక నాదం ఎక్కడా తడబడదని మావాళ్ల ధీమా.

కర్రపని అయ్యాకే అసలు పని. తేనెమైనంలో మసి కలిపి కాచి, దండి మీద రెండు గట్లుగా పోసి, వాటిమీద 24 మెట్లు నిలబెట్టాలి. ఈ 24 లెక్క తంజావూరేలిన రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందంటారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మైనం మెత్తగా ఉండగానే తంతి మీటి, చెవి ఒగ్గి, ఒక్కో మెట్టునీ వెంట్రుకవాసి జరిపేవాడాయన. కొలబద్ద ముట్టగా నేను చూడలేదు.

నన్ను కొన్నది విజయనగరం ఇల్లు. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరది. సాయంత్రమైతే ఏదో ఒక వీధి అరుగు మీంచి సరళీ వరుసలు వినబడేవి. మా అమ్మగారి చేతిలో నేను చాలా ఏళ్లు పలికాను. మధ్యమధ్య మైనం ఎండి బీటలిచ్చేది. గొల్లపల్లి నుంచి మనిషి వచ్చి, పాతది కరిగించి, మళ్లీ మేళం కట్టేవాడు. ఆ పూట ఆయనకి పప్పూ నెయ్యీ వేసి భోజనం. అమ్మగారు పోయాక అటక. అటక తరవాత ఈ పెట్టె.

ఇక్కడ నా పక్కన జముకు, ఎదురుగా తప్పెటగుళ్ల రేకు. వానాకాలం వస్తే జముకు తోలు చల్లబడి నీరసపడుతుంది. సెగ చూపించే దిక్కు లేదు. నా బాధ ఎండాకాలానిది. ఒక వేసవిలో మైనం విచ్చి నాలుగో మెట్టు ఊడిపడింది. తుడవడానికొచ్చిన కుర్రాడు పాపం మంచివాడే, ఫెవికాల్ రాసి అతికించాడు. ఎక్కడ? ఖాళీ కనిపించిన చోట. మూడో మెట్టుకి మరీ దగ్గరగా.

సారణి తంతి మీద నాలుగో మెట్టంటే అంతర గాంధారం. అది కిందికి జారితే మాయామాళవగౌళే లేదు, మొదటి పాఠంలోనే పిల్ల తప్పు పాడుతుంది. అయినా ఎవరికి తెలుస్తుంది? బడిపిల్లలు వస్తారు, “ఏటి మాస్టారూ, ఇది గిటారా?” అంటారు. సెల్ఫీలవాళ్లకి నా సింహముఖం చాలు.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ కొసల్లో నల్లటి గాట్లు. అవి చూడగానే నా తంతులు బిగుసుకున్నట్టనిపించింది, అవి వదులై ఏళ్లయినా. ఆమె చీటీ చదవలేదు. వంగి మెట్ల వరస చూసింది. కుండవైపు వెళ్లేకొద్దీ మెట్ల నడుమ ఎడం క్రమంగా తగ్గుతూ పోవాలి. ఒక్కచోట చూపు ఆగింది. వినకుండానే అపస్వరం పట్టేసింది!

“బాబూ, ఈ నాలుగోది తప్పుచోట ఉంది. గాంధారం పలకదు.”

“అద్దం ముట్టకండమ్మా” అంటూ వచ్చాడు వాచ్‌మన్. ఆమె మళ్లీ చెప్పింది. అతను రిజిస్టర్ తెచ్చి, నా పేరు వెతికి, పెట్టె మీంచే వేలితో లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ, చివరిదాకా.

“ఇరవై నాలుగూ ఉన్నాయి కదమ్మా” అన్నాడు. “సరిపోయింది.”