పెట్టుము పెట్టకు: ఒక కోడిపద్యానికి టీకా తాత్పర్యం

మూలము

పొద్దు పొడవ గంప పొందుగా నెత్తుము
నూక గుప్పె డొకటి, నూతి నీరు
పెంకు పొడిని గలిపి పెట్టుము పెట్టకు
బూజు మక్క గింజ పోయవలదు

అవతారిక: భద్రాద్రి కొత్తగూడెం జిల్లా (2016 దాకా ఖమ్మం జిల్లా) టేకులపల్లి మండలంలో, అడవి అంచు గూడేల్లో తండాల్లో నాటుకోళ్లు సాకే గృహస్థులకు ఉపదేశముగా ఈ ఆటవెలది చెప్పబడినది. మూలకర్త, టీకాకర్త ఒక్కరే గనుక పాఠాంతరాల తగాదా లేదు.

ప్రతిపదార్థము: పొద్దు పొడవన్ = తెల్లవారగా (యజమాని నిద్ర లేచినప్పుడు అని కాదు); గంపన్ = కోళ్లను కమ్మిన గంపను; పొందుగాన్ ఎత్తుము = పద్ధతిగా ఎత్తుము; నూక గుప్పెడు ఒకటి = ఒక్క గుప్పెడు నూకలును; నూతి నీరు = బావిలోని తేట నీళ్లును; పెంకు పొడిని కలిపి = గుడ్డుపెంకుల పొడిని జతచేసి; పెట్టకున్ = గుడ్లు పెట్టే కోడికి; పెట్టుము = వేయుము; బూజు మక్క గింజ = బూజు పట్టిన మొక్కజొన్న; పోయవలదు = పోయరాదు.

తాత్పర్యము: కోడిని వదిలితే సగం మేత అదే వెతుక్కుంటుంది. మిగతా సగంలో ఏది వేయాలో కొంచెం, ఏది వేయకూడదో గట్టిగా తెలిసి ఉండాలి.

విశేషములు

‘గుప్పెడు’: ఫారం కోడికి రోజుకు 110 గ్రాముల దాకా దాణా కావాలి. కవి గుప్పెడుతో సరిపెట్టుట పిసినారితనమా? కాదు. నూకల్లో బలం ఉంది గాని మాంసకృత్తులు తక్కువ. అవి పెంటకుప్ప పురుగుల్లోనూ చెదల్లోనూ ఉన్నవి. తొలకరి వానకు ఉసిళ్లు లేచిన సాయంత్రం చూడండి. ముసలి పెట్ట సైతం రెక్కలు విదిల్చి ఎగిరి పట్టును. నూకల వంక చూడదు. లేత గడ్డి, మునగాకు తిన్నదాని పచ్చసొన ముదురు రంగు తేలును. వాకిట్లోనే కడుపు నింపితే కోడి చెట్టు కింద కూలబడి కొవ్వెక్కును, గుడ్లు తగ్గును.

‘నీరు’: గుడ్డులో ముప్పాతిక వంతు నీరే. కోడి తినేదానికి రెట్టింపు తాగును. మే నెల కొత్తగూడెం ఎండలో ఇంకా ఎక్కువ. నోరు తెరిచి రొప్పే కోడి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలచబడును. కాబట్టి మట్టి చిప్ప నీడలో పెట్టి, మధ్యాహ్నం నీళ్లు మార్చవలెను.

‘పెంకు పొడి’: గుడ్డు తయారీకి సుమారు 25 గంటలు పట్టును, అందులో 20 గంటలు పెంకు పనికే. ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం. మేతలో అందకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెట్టును. అదీ చాలకపోతే తోలుగుడ్డు పడును. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రి గనుక పొడిని సాయంత్రం పెట్టుటే మేలు. ఇక్కడ కవి పొద్దుతో తొందరపడినాడు. పెంకులను పెనం మీద వేయించి, గుడ్డు ఆనవాలు దొరకనంతగా నలగగొట్టవలెను. లేకుంటే కోడి రుచి మరిగి తన గుడ్డు తానే పొడుచుకొనును. ‘కలిపి’ అనగా నూకల్లో కలపమని కాదు. విడిగా చిప్పలో ఉంచితే కావలసినంత తినును.

ఆక్షేపము: ‘పెట్టుము, పెట్టకు’ అని ఒక్క ఊపిరిలో వేయమని, వేయవద్దని చెప్పిన కవికి మతి ఉన్నదా?

సమాధానము: ఉన్నది. ‘పెట్టకు’ అనగా పెట్టకే గాని పుంజుకూ పిల్లలకూ కాదు. గుడ్డు పెట్టని వయసులో కాల్షియం మితిమీరితే మూత్రపిండాలు చెడును. కావున పెట్టకు పెట్టుము, పిల్లకు పెట్టకు. రెండర్థాలూ కవి ఎరిగినవే.

‘బూజు మక్క’: ‘మంచివి మనకు, బూజువి కోళ్లకు’ అనుట మక్కలు పండే ఊళ్ల ఆచారము. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టించును. కడిగినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా అది పోదు. కాలేయం దెబ్బతిని గుడ్లు ఆగును. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చుటకు మేతలోని వేరుశనగ పిండిలో ఉన్న ఈ విషమే కారణమని తేలినది. అందుకే కవి తక్కినవన్నీ మెత్తగా చెప్పి, ఇక్కడ ‘వలదు’ అని గద్దించినాడు.

ఫలశ్రుతి: ఈ పద్యం ఆచరించువాని నాటుకోడి ఏడాదికి మూడు నాలుగు విడతల్లో యాభై అరవై గుడ్లు పెట్టి, మధ్యలో 21 రోజులు పొదిగి పిల్లలనూ ఇచ్చును. అంతకు మించి కావాలంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియను సాకవలెను. అది దాదాపు 200 పెట్టును గాని పొదగడానికి కూర్చోదు. మేతా గుప్పెడుతో సరిపోదు.

అనుబంధము: కవి చెప్పనిది ఒకటి ఉన్నది. కొక్కెర తెగులుకు నూకా లేదు, పెంకు పొడీ లేదు, టీకా ఒక్కటే. పిల్లకు మొదటి వారంలో లసోటా చుక్క వేయించండి, ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది చేయించండి. ఈ టీకా చదవకపోయినా నష్టం లేదు. ఆ టీకా మాత్రం తప్పించకండి.