ఆడిట్ గట్టెక్కడం ఎలా? కొత్త సీఐఎస్‌ఓకు ఏడు చిట్కాలు

మీ విద్యుత్ సంస్థలో మిమ్మల్ని చీఫ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఆఫీసర్ (సీఐఎస్‌ఓ)గా వేశారా? అభినందనలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో సైబర్ భద్రతా మార్గదర్శకాలు తెచ్చింది కాబట్టి ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి; మీరు దొరికారు. ఇక మీకు ఇద్దరితో పని: హ్యాకర్, ఆడిటర్. హ్యాకర్ వస్తాడో రాడో ఆ దేవుడికే తెలియాలి. ఆడిటర్ మాత్రం ముందే లెటర్ పెట్టి, తేదీ చెప్పి, గెస్ట్‌హౌస్‌లో రూము ఉందా అని కనుక్కుని మరీ వస్తాడు. తెలివైనవాడు ఎవరి కోసం సిద్ధపడాలో వేరే చెప్పాలా?

1. పాత సీటు వదలకండి

ఈ పోస్టును అదనపు బాధ్యతగానే ఉంచుకోండి. పొద్దున బిల్లులు పాస్ చేసి, సాయంత్రం టీ తర్వాత గ్రిడ్‌ను కాపాడితే చాలు. రిటైర్మెంటు దగ్గరపడిన వారైతే మరీ శ్రేష్ఠం. ఏది బయటపడినా అప్పటికి పెన్షన్ కాగితాలు కదిలిపోయి ఉంటాయి.

2. ఎర్ర గీత బాగా గీయించండి

బ్రేకర్లను నడిపే స్కాడా వ్యవస్థకూ ఇంటర్నెట్ ఉన్న ఆఫీసు కంప్యూటర్లకూ ఏ సంబంధమూ ఉండకూడదని రూలు. డ్రాయింగులో రెంటి మధ్య లావుపాటి ఎర్ర గీత గీయించండి. స్కాడా వెండర్ తన ఊళ్లో కూర్చునే మరమ్మతు చేసేందుకు ఇచ్చిన కనెక్షన్ ఒకటి ఉంటుంది. అది తాత్కాలికం. కొన్నేళ్లుగా తాత్కాలికమే. తాత్కాలికమైనవి డ్రాయింగులో చూపే ఆచారం లేదు.

దీని మీద కొందరు ఉక్రెయిన్ కథ చెప్పి భయపెడతారు. అక్కడ 2015లో విద్యుత్ సంస్థల ఆఫీసు మెయిల్‌కు వచ్చిన అటాచ్‌మెంటును ఎవరో తెరిచారట. దొంగలు నెలల తరబడి లోపలే తిరిగి, పాస్‌వర్డులు పోగేసుకుని, రెండో తనిఖీ లేని వీపీఎన్ దారిలో స్కాడాలోకి నడిచి కరెంటు ఆపేశారట. మనకెందుకండీ! 2019లో ర్యాన్సమ్‌వేర్ మన తెలుగు రాష్ట్రాల డిస్కంల వెబ్‌సైట్లను పట్టుకుంటే లైట్లేమైనా ఆరిపోయాయా? లేదు. కాబట్టి మెయిల్ వేరు, కరెంటు వేరు అని ధైర్యంగా రాసుకోండి.

3. పెన్‌డ్రైవ్‌కు స్టిక్కర్ వేయండి

220 కేవీ సబ్‌స్టేషన్‌లో లైన్ ట్రిప్ అయింది. రిలేలోని రికార్డు అరగంటలో కావాలని ఎస్‌ఈ గారు ఫోన్ మీద ఫోన్. ఏఈ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో మరదలి పెళ్లి వీడియో, పాప స్కూలు ప్రాజెక్టు, ఎక్కడో ఉచితంగా దొరికిన పీడీఎఫ్ కన్వర్టర్ ఉన్నాయి. గుర్తింపు ఉన్న పరికరమే వాడాలని, వాడాక రెండు వైపులా స్కాన్ చేయాలని, ఆ చిట్టా ఆరు నెలలు సీఐఎస్‌ఓ దగ్గర ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. అరగంటలో ఇవన్నీ అయ్యే పనేనా? పెన్‌డ్రైవ్‌కు ఆఫీసు నంబరు స్టిక్కర్ అంటించండి, గుర్తింపు వచ్చేసినట్టే. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రానికీ ఇంటర్నెట్ లేదు, అయినా స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవ్ ఎక్కే లోపలికి వెళ్లిందని నిపుణులంటారు. ఆ పెన్‌డ్రైవ్‌కు స్టిక్కర్ ఉండి ఉండదు.

4. అందరికీ ఒకటే పాస్‌వర్డ్

షిఫ్టులు ఎన్ని ఉన్నా లాగిన్ ఒకటే ఉండాలి. అది మానిటర్ అంచున కాగితం మీద ఉండాలి; ఆడిట్ రోజు మాత్రం కీబోర్డు కిందికి మారాలి. బదిలీ అయినవాళ్ల, రిటైరైనవాళ్ల ఐడీలు తీసేయకండి, పెద్దల పేర్లు చెరపడం మర్యాద కాదు. ఉక్రెయిన్ ఆపరేటర్లు తమ తెరమీద మౌస్ బాణం దానంతట అదే కదిలి ఒక్కో బ్రేకర్‌నూ తెరుస్తుంటే నోరు తెరుచుకుని చూశారు. మీ దగ్గర ఆ అయోమయం ఉండదు, ఎవరు కదిపినా అది మన ఐడీయే.

5. గడియారాలను వాటి మానాన వదిలేయండి

దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది: లాగులు 180 రోజులు దాచాలి, కంప్యూటర్ల గడియారాలన్నీ అధికారిక సమయంతో కలవాలి. గ్రిడ్‌లో ఏ బ్రేకర్ ముందు పడిందో మిల్లీసెకన్లలో తేల్చుకునే మనకు టైము విలువ తెలియనిది కాదు. అందుకే జాగ్రత్త! ఫైర్‌వాల్ పది నిమిషాలు ముందు, సర్వర్ ఏడు నిమిషాలు వెనక ఉంటే ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో ఏ విచారణా తేల్చలేదు. ఇక బాధ్యులెవరు?

6. ముందు ఖండన, తర్వాత విచారణ

ఏదైనా జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలని అవే ఆదేశాలు. ఆరు గంటల్లో మన దగ్గర నోట్ ఫైలే పైకి కదలదు. పైగా జరిగిందని ‘తెలియడం’ మన చేతిలో పని. 2019 అక్టోబరు 29న కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం తన నియంత్రణ వ్యవస్థ మీద సైబర్ దాడి సాధ్యమే కాదని ప్రకటన ఇచ్చింది. మర్నాడే ఆ కేంద్రాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్, పరిపాలనా నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్లో మాల్‌వేర్ దొరికిందని, సెప్టెంబరు 4నే సెర్ట్-ఇన్ ఆ సంగతి చెప్పిందని ఒప్పుకుంది. నియంత్రణ వ్యవస్థకు ఏమీ కాలేదన్నది నిజమే, కానీ ఒక్కరోజు తేడాతో రెండు ప్రకటనలా? అంత తొందరపడి ఒప్పుకుంటే ఎలా?

7. చేతిపని మరిచిపోనివ్వండి

మాక్ డ్రిల్ అంటే ఫొటో, హాజరు పట్టీ, సమోసా. అంతకు మించి పోవద్దు. స్కాడా చచ్చిపోయిందనుకుని నిజంగా ఒక సబ్‌స్టేషన్‌ను చేత్తో నడిపించి చూడటం లాంటివి అస్సలు వద్దు. ఉక్రెయిన్‌లో దాదాపు 2 లక్షల 25 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది. సబ్‌స్టేషన్లతో మాట్లాడే పరికరాల సాఫ్ట్‌వేర్‌ను దొంగలు చెరిపేశారు, వినియోగదారులు ఫోన్ చేయకుండా కాల్ సెంటర్‌నూ ఉత్తుత్తి కాల్స్‌తో ముంచేశారు. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగొచ్చింది. ఎలాగంటే, సిబ్బంది బండ్లు వేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లు చేత్తో వేశారు. అలాంటి పాతకాపులు మీ దగ్గర ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వెంటనే బిల్లింగ్ సెక్షన్‌కు బదిలీ చేయండి. ఆడిటర్ చెక్‌లిస్టులో వాళ్లకు గడి లేదు, మార్కులూ లేవు.