ఆవకాయ కోసం ప్యారిస్ దాకా

కాకినాడలో పెరిగినవాడికి ఫ్రాన్సు మరీ అంత పరాయి దేశం కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనే ఉంది. మా ఊళ్లో బస్సెక్కి కాసేపు కునుకు తీస్తే వచ్చేస్తుంది. అక్కడ పెట్రోలు చౌక, మరొకటి ఇంకా చౌక కాబట్టి మావాళ్లు ఆ గడ్డతో ఏళ్ల తరబడి సత్సంబంధాలు నెరపుతున్నారు. ఆ సరిహద్దులో వీసాలు అడగరు, సీసాలు అడుగుతారు. అందుకే జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న నేను శని, ఆదివారాలకి ప్యారిస్ వెళ్తున్నానంటే నాన్న పెద్దగా చలించలేదు. పెదనాన్న మాత్రం ఆగలేక చుట్టాల వాట్సాప్ గ్రూపులో "మావాడు యూరప్ టూర్ వెళ్తున్నాడు" అని చాటింపు వేసేశాడు.

టూరు అనగానే వినేవాళ్లకి చక్రాల సూట్‌కేసు, నల్ల కళ్లద్దాలు కనిపిస్తాయి. లోపలి లెక్క వేరు. జర్మనీ స్టూడెంట్ వీసాకి ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అదీ రేటు. అక్కడికి చేరాక మన డబ్బే మనకి నెలకి 992 యూరోల చొప్పున విడుదల చేస్తారు. అద్దె, ఇన్సూరెన్సు పోగా మిగిలినదాంతో దేశాలు తిరగాలంటే రైలు మీద ఆశ వదులుకుని రాత్రి బస్సుని నమ్ముకోవాలి. రాత్రి బస్సుకి రెండు సుగుణాలు: టికెట్టు చౌక, ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది. మెడనొప్పి ఉచితం.

దేశాల మధ్య ఈ రాకపోకలు ఇంత తేలిక కావడానికి కారణం షెంగెన్ ఒప్పందం. 1985లో అయిదు దేశాలవాళ్లు లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే పల్లె దగ్గర, మోసెల్ నదిలో పడవ మీద కూర్చుని సంతకాలు పెట్టారు. ఆ పుణ్యాన జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాడు మిగతా షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. పడవలో ఉన్న పెద్దలు వ్యాపారం, పర్యాటకం ఇలాంటివి ఊహించే ఉంటారు. ఊరగాయల రవాణా వాళ్ల ఊహకి అంది ఉండదు.

అసలు సంగతి అదే. ప్యారిస్‌లో చదివే మా బావ (వరసకి కాదు, హాస్టల్ పిలుపు) వేసవికి కాకినాడ వెళ్లొచ్చాడు. వస్తూ వస్తూ మా అమ్మ ఇచ్చిన పొట్లాలు మోసుకొచ్చాడు. పాలకి, మాంసానికి సంబంధించినవేవీ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. ఆ మాట ఫోన్లో చెబితే అమ్మ, "నెయ్యి పాలదెందుకవుతుందిరా, వెన్నది కదా!" అంది. రూల్సు రాసేటప్పుడు బ్రస్సెల్స్ వాళ్లు మా అమ్మని సంప్రదించకపోవడం చేత నెయ్యి ఇంట్లోనే ఆగిపోయింది. కొత్తావకాయ, కందిపొడి, గొట్టం కాజా విమానమెక్కాయి. వాటిని జర్మనీకి చేర్చడమే మా యూరప్ టూరు.

ముగ్గురం బయల్దేరాం. నేను, చిత్తూరు మిత్రుడు, హైదరాబాద్‌లో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టి చదువుకొచ్చిన గుంటూరు అన్న. కొలోన్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారి ప్యారిస్‌లో బెర్సీ దగ్గర దింపారు. బావ ఎదురొచ్చి కావలించుకుని, "ముందు ఇంటికి పోదాం రండి" అన్నాడు.

ఇల్లు అనే మాటకి ఫ్రెంచి చట్టంలో ఒక కొలత ఉంది. కనీసం 9 చదరపు మీటర్లు ఉంటే అద్దెకివ్వొచ్చు. బావ ఇంటి ఓనరు చట్టాన్ని సెంటీమీటరు కూడా మీరలేదు. పాతకాలంలో పనిమనుషుల కోసం చూరు కింద కట్టిన గది. ఆరో అంతస్తు. ఆ కాలంలో పనిమనుషులకి కాళ్లుండేవి కాబట్టి లిఫ్టు పెట్టలేదు. అందులోనే మంచం, పొయ్యి, సింకు, బావ, ఇప్పుడు మేం ముగ్గురం. రాత్రి పడుకోవాలంటే కుర్చీని మంచమెక్కించాలి. ఒకడు పక్కకి తిరగదలిస్తే మిగతా సభ్యుల ఆమోదం తీసుకోవాలి.

పొట్లాలు విప్పాను. ఆవకాయ క్షేమం. కాజాలు మాత్రం సగానికి సగం లేవు. "దూరప్రయాణం కదరా, సరుకన్నాక తరుగు ఉంటుంది" అన్నాడు బావ, మూతి తుడుచుకుంటూ.

ఇంతదూరం వచ్చాం కనక ఊరు కూడా చూశాం. లూవ్ర్ మ్యూజియంలో 26 ఏళ్ల లోపు ఐరోపావాసులకి ప్రవేశం ఉచితం, జర్మనీలో నివాసముంటున్న మాలాంటి విద్యార్థులకి కూడా. గుంటూరు అన్నకి 27. ముందే టైమ్ స్లాటు తీసుకున్న మేం దర్జాగా లోపలికి వెళ్తుంటే ఆయన బయట గాజు పిరమిడ్ దగ్గరే ఆగిపోయాడు. లోపల మోనాలిసా ఉంది. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. ఆ గదిలో పైకి లేచిన ఫోన్లన్నిటి వైశాల్యం కలిపితే అంతకి ఎన్నో రెట్లు. వేరేవాళ్ల ఫోన్లో మాత్రం ఆవిడ చాలా స్పష్టంగా కనిపించింది. బయట అన్న ఏ తోపులాటా లేకుండా పిరమిడ్ కొనని వేలితో పట్టుకున్నట్టు ఫొటో దిగాడు. దానికే లైకులు ఎక్కువ.

1889 నాటి ఈఫిల్ టవర్ దగ్గర మెట్ల టికెట్టు లిఫ్టు కన్నా చౌకని తెలిసింది. రెండో అంతస్తు దాకా 674 మెట్లు. అలిపిరిలో 3,550 మెట్లెక్కినవాళ్లకి ఇదో లెక్కా అనుకున్నాం. ఎక్కాక తెలిసిన తేడా ఏమిటంటే, ఇక్కడ పైన లడ్డు ఇవ్వరు. అక్కణ్నించి అమ్మకి వీడియో కాల్ చేశాను. ఊరంతా కనిపించేలా ఫోను తిప్పితే, "ఆ తిప్పడం ఆపరా, నీ మొహం చూడనీ. చిక్కిపోయావా?" అంది. వెనకనించి నాన్న అడిగింది ఒక్కటే: "సీసా కారలేదు కదా?"

ఆదివారం లా షపెల్ వెళ్లాం. జర్మనీలో ఆ రోజు కొట్లు మూత కాబట్టి ఉప్పు ప్యాకెట్టు దొరకడమూ కష్టమే. ఇక్కడ తిరనాళ్లే. గార్ దు నోర్ స్టేషను వెనకాల శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉన్నాయి. కరివేపాకు, మునక్కాడలు, వంకాయలు, చీరల కొట్లు, దగ్గర్లోనే వినాయకుడి గుడి. రెండేళ్లుగా ఫ్రెంచితో కుస్తీ పడుతున్న బావ ఇక్కడ మూగవాడైపోయాడు. చిత్తూరు మిత్రుడు మాత్రం అరవంలో "అన్నా" అని నోరు విప్పి, బేరమాడి, కరివేపాకు కొసరు కూడా వేయించుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో నా సంచీలో ఆవకాయతో పాటు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కూడా ఉన్నాయి. జర్మనీలో కొన్న నీళ్ల సీసా ఖాళీ చేసి అక్కడే తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కొస్తాయి. ఫ్రాన్సులో పారేస్తే చెత్త. చెత్తని దేశం దాటించి సొమ్ము చేసుకునే తెలివి ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు, బ్లాక్డ్ అకౌంటు నేర్పుతుంది.

2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. అర్ధరాత్రి ఆఖెన్ దగ్గర పోలీసులు బస్సెక్కారు. పాస్‌పోర్టు, పర్మిట్ చూసి, ఆ వాసన ఎక్కణ్నించి అన్నాడొకాయన. మామిడికాయ అన్నాను. మూత తియ్యమన్నాడు. తీశాను. వెంటనే పెట్టెయ్యమన్నాడు. ఆ కాస్త వ్యవధిలోనే నాలుగైదు దేశాలవాళ్లు నిద్రలేచి కూర్చున్నారు.

కాబట్టి విదేశాల్లో చదివే పిల్లల తల్లిదండ్రులకి నా మనవి. మీవాడు వారానికో దేశం తిరుగుతున్నాడని బెంగపడకండి. వాడు దేశాలు తిరగడం లేదు, స్నేహితుల వంటగదులు తిరుగుతున్నాడు. మీ డబ్బుకేం ఢోకా లేదు. మీరు చెయ్యాల్సింది ఒకటే: ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించి, పైన రెండు కవర్లు చుట్టండి. కాజాలు మాత్రం తరుగు కలుపుకుని పంపండి.