బ్రాకెట్లో భవిష్యత్తు

ఉత్త సీఎస్‌ఈ చదవడం ఇప్పుడు నామోషీ. పక్కన బ్రాకెట్ ఉండాలి, బ్రాకెట్లో ఏఐ ఉండాలి. ఏఐ అందనివాడు డేటా సైన్స్‌తో సర్దుకుంటాడు, అదీ అందనివాడు సైబర్ సెక్యూరిటీతో. వెబ్ ఆప్షన్ల సీజన్‌లో ఏ చుట్టాల పెళ్లికైనా వెళ్లి చూడండి. "ఏ బ్రాంచిరా?" అంటాడు బాబాయి. "సీఎస్‌ఈ బాబాయ్." "అందులో ఏది?" "మామూలుదే." అంతే, ఆయన మొహంలో జాలి పొంగుకొస్తుంది. పర్లేదులే, ఎంటెక్‌లో చూసుకుందువుగాని అని భుజం తడతాడు. ఏఐ అంటే ఏమిటో ఆయనకీ తెలియదు, కుర్రాడికీ తెలియదు, సీటు అమ్మినవాడికి అసలే తెలియదు.

ఇక్కడ ఈ సంబరం నడుస్తుండగానే సముద్రాల అవతలి నుంచి ఇంకో కబురు వస్తోంది: కోడింగ్ పనైపోయిందట. ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 2024 ఫిబ్రవరిలో దుబాయ్‌లో కూర్చుని, ఎవరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేకుండా చేయడమే తమ పని అన్నారు. ఆయన అమ్మేది చిప్పులు. 2025 మార్చిలో ఆంత్రోపిక్ అధిపతి డారియో అమోడై మూడు నుంచి ఆరు నెలల్లో 90 శాతం కోడ్ ఏఐయే రాస్తుందన్నారు. ఆయన అమ్మేది ఆ ఏఐని. ఇంట్లో వంట దండగ అని హోటలాయన చెబితే నవ్వి ఊరుకుంటాం. వీళ్లు చెబితే మాత్రం మొదటి పేజీలో హెడ్డింగు పెడతాం.

అంటే అక్కడివాళ్లు ఇక చదవొద్దంటున్నారు, ఇక్కడివాళ్లు మా దగ్గరే చదవమంటున్నారు. ఇద్దరి వ్యాపారానికీ పెట్టుబడి మన భయమే.

ఇంతకీ ఆ బ్రాకెట్లో ఏముందో చూద్దాం. మొదటి రెండేళ్లు ఏ బ్రాకెట్ వాడైనా చదివేది దాదాపు ఒకటే: లెక్కలు, సీ, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. మూడో ఏడు నుంచి కొన్ని పేపర్లు మారతాయి. చెప్పే సార్లు మాత్రం మారరు. నాకు తెలిసిన ఒక కాలేజీలో మెకానికల్ సెక్షన్ మూతపడ్డాక థర్మోడైనమిక్స్ చెప్పే సారుకే మెషిన్ లెర్నింగ్ అప్పజెప్పారు. పాపం ఆయన్ని అనడానికి లేదు, ఇంటి లోన్ ఉంది. రాత్రి యూట్యూబ్‌లో చూసి పొద్దున క్లాసులో చెబుతాడు. పిల్లలు అదే వీడియో రాత్రే చూసేసి ఉంటారు కాబట్టి పొద్దున పడుకుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

అదే కాలేజీలో ఏఐ ల్యాబ్ కూడా ఉంది. అద్దాల తలుపు, ఏసీ, గోడ నిండా నీలిరంగు రోబో బొమ్మ. రిబ్బన్ కట్ చేసిన ఎమ్మెల్యే గారి ఫొటో ఉంది. తాళం కూడా ఉంది. ఆ తాళం తనిఖీ బృందం వచ్చినప్పుడు తీస్తారు. పిల్లలు ముట్టుకుంటే మెషిన్లు పాడవుతాయట. మరి మెషిన్‌కి నేర్పే చదువులో మెషిన్ ముట్టుకోకపోతే ఎలాగండీ అని అడిగాను. "థియరీ స్ట్రాంగ్‌గా ఉంటే చాలు సార్" అన్నాడు కాలేజీ పరిపాలనాధికారి (ఏఓ).

ప్రాజెక్టుల సంగతి ఇంకా బాగుంటుంది. గుండెజబ్బు ముందే పసిగట్టే ప్రాజెక్టు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. డబ్బులిస్తే అమీర్‌పేటలో కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చేవారు. ఇప్పుడు ఆ ఖర్చు మిగిలింది, చాట్‌జీపీటీ ఉచితంగా రాసిపెడుతోంది. రిపోర్టు దిద్దే సారు కూడా దాన్నే అడుగుతున్నాడు. రాసిందీ దిద్దిందీ యంత్రమే అయినప్పుడు డిగ్రీ కూడా దానికే ఇచ్చేస్తే సరిపోయేది, ఫీజు దాని చేతే కట్టించవచ్చు.

ఇక సీట్ల సంగతి. బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. ఆ వెంటనే సివిల్, మెకానికల్ సీట్లు వదిలించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకోవడానికి యాజమాన్యాలు ఎగబడ్డాయి. తెలంగాణలో ప్రభుత్వం కాదంటే కొన్ని కాలేజీలు హైకోర్టు మెట్లు కూడా ఎక్కాయి. మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగింది 2023 అక్టోబరులో. ఆ మరుసటి ఏడాదే మనకు సివిల్ ఇంజినీర్ల అవసరం తీరిపోయింది! అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు కాబట్టి రేపో మాపో బ్రాకెట్లోకి క్వాంటం కూడా దిగుతుంది.

మేనేజ్‌మెంట్ కోటా సీటుకు బ్రాకెట్‌ను బట్టి రేటు. రసీదులో ఒక అంకె, చేతికిచ్చేది ఇంకో అంకె. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, అధికారులకూ తెలుసు. ఆ రెండో అంకె కోసం అరెకరం అమ్మినవాళ్లున్నారు, చీటీ ముందే పాడుకున్నవాళ్లున్నారు, కూతురి పెళ్లికని దాచిన బంగారం తాకట్టు పెట్టినవాళ్లున్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ కుర్రాడి చేతిలో ఏముంటుంది? పేజీ కోడ్ ఇచ్చి తప్పెక్కడుందో చెప్పమంటే చెప్పలేడు. చెప్పడం అతనికెవరూ నేర్పలేదు. దీన్ని చదువంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది పట్టపగలు జరిగే దోపిడీ, దానికి ప్రభుత్వ గుర్తింపు పత్రం కూడా ఉంది.

కంపెనీల పెద్దమనుషులేం తక్కువ తినలేదు. ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈలోగా హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె ఎక్కడికి పోయిందో వాళ్ల కంటికి ఆనదు. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామంది. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు పొసగక అన్నారు సీఈఓ కృతివాసన్. పెట్టె సర్దుకునేవాడికి ఆ తేడాతో ఏం పని? కొత్తవాళ్లు చేసే పని ఏఐ చేస్తుంది, మాకు అనుభవజ్ఞులే కావాలి అంటున్నారు మరికొందరు. కొత్తవాణ్ణి ఎవరూ చేర్చుకోకపోతే పదేళ్లకు అనుభవజ్ఞుడు ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు? ఈ ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పరు. అప్పటికి తాము రిటైరవుతామని వాళ్ల ధీమా.

ప్రోగ్రామర్ చావుకబురు మనకు కొత్త కూడా కాదు. 1959లో కోబాల్ మొదలుపెట్టినప్పుడే, ఇంగ్లిష్‌లా ఉంటుంది కాబట్టి మేనేజర్లు కూడా చదువుకోగలరన్నారు. 1980ల మొదట్లో జేమ్స్ మార్టిన్ ప్రోగ్రామర్లు లేకుండానే అప్లికేషన్లు తయారుచేయవచ్చని ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ కోబాల్‌నే 2000 సంవత్సరం గండానికి ముందు అమీర్‌పేటలో నేర్చుకుని మనవాళ్లు అమెరికా విమానాలెక్కారు. ఇక ఇప్పటి ఏఐ సంగతీ చూడండి. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ సంస్థ వారి ఏఐ ఏజెంట్, ఏమీ ముట్టుకోవద్దని చెప్పినా వినకుండా ఒకాయన అసలు డేటాబేస్‌నే తుడిచిపెట్టింది. అదే నెలలో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్ల మీద చేసిన పరీక్ష ఫలితం బయటపెట్టింది. ఏఐతో తమ పని 20 శాతం వేగంగా అయిందని వాళ్లనుకున్నారు, గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది. పనిముట్టు రేపు మెరుగుపడుతుంది, పడనివ్వండి. అది రాసింది తప్పని పట్టుకునేవాడు అప్పటికీ కావాలి. ఆ మనిషిని తయారుచేసేది డేటా స్ట్రక్చర్స్, లెక్కలు, ఓపికగా దిద్దే ఒక మాస్టారు.

అందుకని తల్లిదండ్రులకు ఒక్క మాట. కౌంటర్‌లో ఫీజు కట్టేముందు, మూడో ఏడు మా అబ్బాయికి మెషిన్ లెర్నింగ్ చెప్పేది ఎవరు, ఆ మనిషి పేరేమిటి, కిందటేడాది ఏం చెప్పారు అని అడగండి. ఏఓ ఫైలు వెతుకుతానంటే కూర్చోండి, కంగారేం లేదు. పేరు చెప్పకుండా ప్లేస్‌మెంట్ల బ్రోచర్ చేతిలో పెడితే మాత్రం, తెచ్చిన డీడీ జేబులో పెట్టుకుని వచ్చేయండి.