ఆయన పదవికి చట్టం కావాలి

మన రాజ్యాంగంలో ఒక పెద్ద లోపం ఉంది. పంచాయతీల గురించి అంత వివరంగా రాసినవాళ్లు సర్పంచ్ భర్త గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 243డి అధికరణం మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలూ, అధ్యక్ష పదవులూ కేటాయించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని సగానికి పెంచాయి. ఆ సగంలో చాలా చోట్ల నామినేషన్ లేకుండా, డిపాజిట్ కట్టకుండా, ఒక్క ఓటైనా పడకుండా మరో పాలకుడు వెలిశాడు. ఇంత చాకిరీ చేస్తున్న మనిషికి చట్టంలో పేరు లేకపోవడం అన్యాయం. ఆయన పదవిని క్రమబద్ధం చేయాలని ప్రభుత్వాలకు ఈ విన్నపం.

ఆయన బాధ్యతలు చూడండి. మండలాఫీసులో సర్పంచ్ పేరు పక్కన రాసుకున్న ఫోన్ నంబరు ఆయనది. బోరు మోటారు కాలినా, వీధి దీపం ఆరినా మోగేది ఆయన జేబే. బిల్లులు ఆన్‌లైన్‌లో కదిలించే డిజిటల్ కీ కూడా ఆ జేబులోనే ఉంటుంది. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీ ఆయనది. ఆవిడ వచ్చిన రోజున పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. పండగ ఫ్లెక్సీ మీద ఆయన నిలువెత్తున నమస్కారం పెడతాడు, ఆవిడ ఎమ్మెల్యేగారి చెవి పక్కన స్టాంపు సైజులో కనిపిస్తుంది. తీర్మానాల పుస్తకం మాత్రం మర్యాదగా ఇంటికి వస్తుంది. పొయ్యి దగ్గర్నుంచి లేచి, చెయ్యి తుడుచుకుని, వేలు చూపించిన చోట ఆవిడ సంతకం పెడుతుంది. పాలన గడప దాకా రావాలని గొంతు చించుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ విషయంలో దేశం మొత్తానికీ నిజాయితీ గల ఊరు ఒకటుంది. ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లాలోని పరస్వారా. 2025 మార్చిలో అక్కడ గెలిచిన ఆరుగురు మహిళా వార్డు సభ్యుల బదులు వాళ్ల భర్తలే ప్రమాణ స్వీకారం చేశారు. వీడియో బయటికి రాగానే పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. నిజానికి శాలువా కప్పాల్సింది. మిగతావాళ్లు ఐదేళ్లూ చాటుగా నడిపే వ్యవహారాన్ని ఆ ఊరు తొలిరోజే, అందరూ చూస్తుండగా నడిపింది.

ఎవరిని అడిగినా చెప్పే మాట ఒకటే: "పాపం, ఆవిడకేం తెలుసండీ!" నిజమే. మరి ఆయనకెప్పుడు తెలిసిందట? తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్ పదవికి చదువు అర్హత ఆడవాళ్లకూ లేదు, మగవాళ్లకూ లేదు. తొలిసారి గెలిచిన మగ సర్పంచ్‌కు పనుల కొలతలు రాసే ఎం.బుక్ అంటే ఏమిటో, ఏ పద్దులో నిధులు దేనికి వాడాలో పుట్టుకతో రాదు. "కుర్రాడు, నేర్చుకుంటాడులే" అని ఊరు ఓపిక పడుతుంది. అతని భార్య డిగ్రీ చదివినా, డ్వాక్రా సంఘం లెక్కలు పైసా తేడా రాకుండా రాస్తున్నా, "కాస్త మీవారికి సాయంగా రండమ్మా" అని ఏ ఎంపీడీవో పిలవడు. సర్పంచ్ భార్య అనే పదవి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. కాబట్టి అడ్డం వచ్చింది తెలివితక్కువతనం కాదు. అదే అయితే సగం మంది మగ సర్పంచ్‌ల పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

పాపమంతా భర్త నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఆయన సొంతంగా వెలగలేదు. "సర్పంచ్ గారూ" అని ఆయన్ని పలకరించిన కార్యదర్శి, మీటింగులో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టిన అధికారి, సీసీ రోడ్డు మాటలు ఆయనతోనే తేల్చుకున్న కాంట్రాక్టరు, ఆయన ఫొటో కింద ఆవిడ పేరు అచ్చేసిన విలేఖరి, వీళ్లంతా రోజూ ఒక్కో ఓటు వేసి ఆయన్ని గెలిపిస్తున్నారు. ఊరి ఓటు ఐదేళ్లకోసారి. ఈ ఓటు పూటపూటకూ పడుతుంది.

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఈ భర్తల పాలన మీద ఒక కమిటీ వేసింది. 2025లో వచ్చిన నివేదిక, భర్తల పెత్తనం రుజువైతే గుణపాఠమయ్యేలా శిక్షించాలంది. గ్రామసభలో బహిరంగంగా ప్రమాణం చేయించాలంది. మహిళా ప్రతినిధుల సందేహాలకు స్థానిక భాషలోనే కృత్రిమ మేధ సలహాలివ్వాలనీ అంది. భేష్! ఆవిడ సందేహానికి కృత్రిమ మేధ చక్కటి తెలుగులో జవాబిస్తుంది. చదువుకునేది ఆయన. ఫోను ఆయన జేబులో కదా ఉంది.

ఆవిడకేం తెలుసంటే, కాస్త తెలిసినట్టే ఉంది. కర్నూలు జిల్లా కాల్వ సర్పంచ్ ఫాతిమా బీ 1998లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం పురస్కారం అందుకున్నారు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మహిళలకు కేటాయించిన పంచాయతీలు ఆడవాళ్లు ఎక్కువగా అడిగే తాగునీటి లాంటి పనులమీద ఎక్కువ ఖర్చు పెట్టాయని తేలింది. భర్తల పెత్తనం ఉందంటున్న కాలంలోనే ఇంత జరిగితే, వాళ్లు ఇంటి దగ్గర ఉంటే ఏమవుతుందోనని కొందరికి భయం పట్టుకున్నట్టుంది.

అందుకే చట్టం కావాలంటున్నాను. ఆయనకు గుర్తింపు కార్డు ఇవ్వండి. గౌరవ వేతనం ఇవ్వండి. ఫ్లెక్సీ మీద బొమ్మ కొలత జీవో ద్వారా ఖరారు చేయండి. దానితోపాటు ఒక్క సెక్షన్ కలపండి. ఇప్పుడు ఆడిట్‌లో లెక్క తేడా వస్తే నోటీసు ఆవిడ పేరున వస్తోంది. కలెక్టర్ సస్పెండ్ చేసేదీ ఆవిడనే. ఇకమీదట రికవరీ నోటీసు ఆయన పేరున, ఆయన పొలం సర్వే నంబరుతో సహా రావాలి. ఆ గెజిట్ అచ్చయిన మర్నాడు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చూడండి. "నాకేం సంబంధమండీ, సర్పంచ్ మా ఆవిడ కదా!" అని అందరికంటే ముందు చెప్పేది ఆయనే.