ఓసింట్ అన్న

బేతమంగళ కుర్రాళ్లు అతణ్ణి ‘ఓసింట్ అన్న’ అంటారు. పొద్దున్నే కేజీఎఫ్‌కి పోయి బెంగళూరు రైలెక్కుతాడు. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే తలుపు పక్కన నిలబడి ఫోన్‌లో ఓసింట్ పాఠాలు వింటాడు. అందరి కళ్లముందూ ఉన్న సమాచారంలోంచే నిజం రాబట్టడం ఆ విద్య. 2014 జూలై 17న తూర్పు ఉక్రెయిన్‌లో మలేసియా విమానం కూలింది. దాన్ని కొట్టిన క్షిపణిని మోసుకొచ్చిన బండి ఏ దారిన వచ్చిందో, ఎలియట్ హిగ్గిన్స్ స్థాపించిన బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధన బృందం, జనం పెట్టిన ఫొటోలూ వీడియోలతోనే ఆరా తీసింది. ఆ కథ విన్నాక మనవాడు మామూలు మనిషిగా మిగల్లేదు.

పెళ్లిసంబంధం ఫొటో చేతికిస్తే పిల్లోడి మొహం చూడడు. వెనకున్న బోర్డు, కరెంటు స్తంభం, నీడ చూస్తాడు. “పిల్లోడు బాగుండాడా నాయనా?” అని పెద్దమ్మ అడిగితే, “మధ్యాన్నం మూడు దాటినాక తీసిన ఫొటో పెద్దమ్మా” అంటాడు. మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటోకి తీసిన చోటు, వేళ వివరాలు ఊడిపోతాయి. అందుకే నీడల్ని నమ్ముకున్నాడు. పొలం బేరమైతే ‘భూమి’ వెబ్‌సైట్‌లో పహణీ, ‘దిశాంక్’ యాప్‌లో సర్వే నంబరు తీసి, అమ్మేవాడికే వాడి గట్టెక్కడో చూపిస్తాడు.

మొన్నటి వానలకి బేతమంగళ చెరువు కట్ట తెగిందని ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. పాలారు నీళ్లు నిలిచే చెరువది. ఒకప్పుడు కేజీఎఫ్ బంగారు గనులకు తాగునీళ్లిచ్చింది. టీ అంగడి దగ్గర జనం గుమిగూడారు. అన్న వీడియోని బొమ్మలుగా విడగొట్టి, ఒక్కోటీ గూగుల్ లెన్స్‌లో వెతికాడు. ఉపగ్రహం ఫొటో తెరిచి “కట్ట భద్రం” అన్నాడు. ఆ ఫొటో పోయిన ఎండాకాలంది. ఇంతలో ఎనుములు తోలుకొచ్చిన పిల్లోడు, “నేను కట్ట మీదినించే వస్తావుండా కదన్నా, ఏమీ కాలేదు” అన్నాడు. అన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: ‘ప్రత్యక్ష సాక్షి ఒకరు. ధ్రువీకరించాలి.’

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, వీధిలో ఒక కుర్రాడికి హోటళ్లకు రేటింగులిస్తే రోజుకు రెండువేలని ఆశపెట్టి, ముందు పదిహేనువేలు డిపాజిట్ కట్టమన్నప్పుడు ఆపింది ఇతడే. పాతికేళ్ల కంపెనీ అని చెప్పుకున్న ఆ వెబ్‌సైట్ పేరు అంతకు ముందు నెలలోనే రిజిస్టరైంది. ఆఫీసు ఫొటో ఏదో విదేశీ కంపెనీది. ఈ రెండూ పట్టుకోవడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. “ఆ అమ్మాయి ఇన్‌స్టా ఖాతా కాస్త చూసిపెట్టన్నా” అని ఎవడైనా గొణిగితే, “అది పరిశోధన కాదురా, వెంటపడటం” అని తరిమేస్తాడు. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు గ్రూపులో పెట్టడు, పెట్టనివ్వడు.

కాబట్టి చెరువు సంగతి చెరువుకే పోయి చూసుకోండి. డబ్బు కట్టమని లింకు వస్తే మాత్రం ముందు ఇలాంటివాడికి చూపించండి. అప్పటికే కట్టేసి ఉంటే, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.